నూట నలభై ఆరు మీటర్లు

వజీర్ అలీ గారికి ఈ లోకంలో ఒకే ఒక్క విషయం మీద కోపం. కల్లరీన్ రోడ్డులో నూట నలభై ఆరు మీటర్లు తగ్గాయని.

తక్కిన విషయాల్లో ఆయన్ని మించిన శాంతమూర్తి కాన్‌బెర్రా నగరంలో కనిపించరు. ఆఫీసు ప్రింటరు ఆయన నలభై పేజీల నివేదికను నమిలి, ఉండచుట్టి ఊసినప్పుడు, "పాపం, దానికీ ఆకలేసినట్టుంది" అని మళ్ళీ ప్రింటు ఇచ్చుకున్నారు. విమానం వాళ్ళు ఆయన్ని కాన్‌బెర్రాకూ ఆయన పెట్టెను పెర్త్‌కూ పంపించినప్పుడు, నాలుగు రోజులు ఒకే చొక్కాతో నవ్వుతూ తిరిగారు. కానీ కల్లరీన్ మాట వస్తే చాలు, చెవుల కొసలు ఎర్రబడేవి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారేవి, చూపుడు వేలు గాల్లోకి లేచేది.

"నూట నలభై ఆరు మీటర్లండీ! ఎవడు తిన్నాడు?"

కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో కొత్త ఇళ్ళు లేస్తున్న 1998, 99 సంవత్సరాల్లో, ఆ వీధుల్లో దిగిన తెలుగువాళ్ళెవరూ ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేదు. కొందరికి పెట్టెలు విప్పకముందే ఇది ఎదురైంది. యోగానంద్ అనే కరీంనగర్ కుర్రాడికైతే విమానాశ్రయంలోనే ఎదురైంది. తన సామానులో ఏదో పోయిందనుకుని అతను పెట్టెలు లెక్కపెట్టుకున్నాడు.

కల్లరీన్ అనేది గంగాలిన్‌కు యాభై కిలోమీటర్ల దూరంలో, గొర్రెల మేత భూముల మధ్య ఉన్న చిన్న ఊరు. ఊరి పోస్టాఫీసు దగ్గర బయలుదేరి, వాగు దాటి, గుట్ట ఎక్కి, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి, మళ్ళీ పోస్టాఫీసుకే వచ్చే రోడ్డు ఒకటుంది. 1938 నుంచి 1961 దాకా, యుద్ధకాలం మినహాయించి, ఈస్టరు పండక్కి ఆ రోడ్డు మీద మోటారు సైకిళ్ళ పందేలు జరిగాయి. మొదట దాని చుట్టుకొలత సరిగ్గా నాలుగు మైళ్ళు, అంటే 6,437 మీటర్లు. ఇప్పుడు 6,291. తేడా ఎంతో మీకు ఇప్పటికే తెలుసు.

ఇంత ఆవేశపడే వజీర్ గారు ఆ పందేలు చూసినవారు కాదు. చివరి పందెం జరిగేనాటికి ఆయన నరసరావుపేటలో ఒకటో తరగతి. మోటారు సైకిలు ఎక్కినవారూ కాదు. ఎక్కిందల్లా స్కూటరు, అదీ రెండు కాళ్ళూ నేలకు రాసుకుంటూ. 1995లో కల్లరీన్ దాటుతుండగా కారు ఆగిపోతే, మెకానిక్ వచ్చేదాకా ఊరి గ్రంథాలయంలో మూడు గంటలు కూర్చున్నారు. అక్కడ పాత పటాలు, ఫోటోలు తప్ప చదవడానికి ఏమీ దొరకలేదు. కారు బాగైంది. ఆయన బాగుపడలేదు.

ఆయన వృత్తి ఈ కోపానికి ఎరువు వేసింది. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే తికమకపడతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. వజీర్ గారు పింఛన్ల శాఖలో అలాంటి ప్రోగ్రాములను వరుస వరుసగా చదివి సరిచేసేవారు. అక్కడ ఆయనది ఒకటే సూత్రం: ఒక్క వరుస మార్చినా, ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో పక్కన రాయాలి.

"ప్రోగ్రాముకే ఇంత మర్యాద ఉంటే, అరవై ఏళ్ళ రోడ్డుకు ఉండొద్దా? మలుపు తీసేసినోడు, 'అయ్యా, నేను ఫలానావాణ్ణి, ఇందుకు తీశాను' అని ఒక బోర్డైనా పెట్టడా?"

సుమ ఆయన్ని మొదటిసారి చూసింది 1999 మే చివరి శనివారం, తన ఇంట్లో భోజనాల దగ్గర. ఆమె రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ. బాపట్లలో నాలుగేళ్ళు మట్టి పరీక్షలు చేసింది. భర్త రాధాకృష్ణ వజీర్ గారి ఆఫీసులోనే పనిచేసేవాడు. అతను ముందే హెచ్చరించాడు: "ఆయన రోడ్డు గురించి అడుగుతాడు. 'అయ్యో' అను. ఇంకేమీ అనకు."

సుమ మితభాషి. కానీ తప్పుడు కొలత వింటే ఊరుకోలేని జబ్బు ఆమెకుంది.

"ఇప్పటి పొడవు దేంతో కొలిచారు?" అని అడిగింది.

"మన కారు మీటరుతోనమ్మా."

"కారు మీటరు వంద మీటర్ల కన్నా చిన్నది చూపించదు కదండీ. నూట నలభై ఆరు ఎలా చూపించింది?"

రాధాకృష్ణ గరిటె వదిలేశాడు. యోగానంద్ తల వంచుకుని పప్పులోకి చూశాడు. వజీర్ గారి భార్య జమీలా మాత్రం చిన్నగా నవ్వింది.

వజీర్ గారు సుమ వంక చూస్తూ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఇన్నాళ్ళకు ఒక సైంటిస్టు దొరికింది! ఒక్క రీడింగుతో తేలదమ్మా. ఇరవై ఆదివారాలు కొలవాలి, సగటు తీయాలి. అయితే ఒక చిక్కుంది. నేను నోట్‌బుక్కులో రాసుకోవాలి. రాస్తూ నడపలేను. నువ్వు నడుపు."

సుమ గ్లాసు కింద పెట్టింది. "నాకు లైసెన్సు లేదండీ."

"ఎల్ బోర్డు ఉందిగా. నేను పక్కన కూర్చుంటా. చట్టానికి చాలు."

"రెండుసార్లు తప్పాను."

"పరీక్ష రోడ్డు మీద తప్పావు. అది కొత్త రోడ్డు. కొత్త రోడ్లకు బుద్ధి లేదు."

సుమకు డ్రైవింగ్ నేర్పే పని అప్పటిదాకా రాధాకృష్ణది. ఇంట్లో అతను మెతకవాడు. కారులో కూర్చుంటే మటుకు "క్లచ్! క్లచ్! నీకు చెప్తే అర్థం కాదా?" అని అరిచేవాడు. ఆ అరుపుకు ఆమె ఎడమ కాలు బిగుసుకునేది, కారు ఆగిపోయేది, వెనకవాడు హారన్ కొట్టేవాడు. రెండో పరీక్ష తప్పిన రోజున ఆమె ఎల్ బోర్డులు తీసి వంటింటి అలమరలో, చింతపండు డబ్బా వెనక పెట్టేసింది. ఆ శనివారం భోజనాల మరునాడు వజీర్ గారు వచ్చి వాటిని అక్కడినుంచి తీయించారు.

జూన్ ఆరో తేదీ, మొదటి ఆదివారం. గడ్డి మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. కల్లరీన్ దాకా ఆయన నడిపారు. పోస్టాఫీసు ముందు సీట్లు మారారు.

సుమ క్లచ్ వదిలింది. కారు ఒక్క గంతు వేసి ఆగిపోయింది.

ఆమె కళ్ళు మూసుకుని అరుపు కోసం ఎదురుచూసింది. అరుపు వచ్చింది.

"చూశావా, చూశావా! ఇక్కడ రౌండెబౌట్ పెట్టారు! 1938లో ఇక్కడ ఇది ఉందా? లేదు! ఆ చివరి మూల దాకా పోయి తిరిగే ఎర్ర కంకర రోడ్డు. దుమ్ము లేవకుండా ముందురోజు ట్యాంకరుతో నీళ్ళు చల్లేవాళ్ళు. ఆటగాడు ఎనభై మైళ్ళ వేగంతో ఇటు వచ్చి అటు పోయేవాడు. 1988లో ఎవడో పెద్దమనిషి మధ్యలో గులాబీ తోట వేశాడు. ఇప్పుడొస్తే ఆటగాడు ఎక్కడికి పోతాడు? గులాబీల్లోకి! మూల కోసేశారు కనుక ముప్ఫై ఏడు మీటర్లు ఇక్కడే పోయాయి. ఇట్టాంటి చోట కారు ఆగిపోక ఏం చేస్తుంది? ఊఁ, స్టార్ట్ చెయ్యమ్మా."

ఆమె స్టార్ట్ చేసింది.

వాగు మీద వంతెన దగ్గర పక్క అంచుకు చక్రం రాసింది.

"ఈ సిమెంటు అంచు చూడు! ఎవడు కట్టమన్నాడు? 1967 దాకా కొయ్య వంతెన. బండ్లు పోతుంటే పలకలు తబలా కొట్టినట్టు మోగేవంట. దాన్ని పీకేసి, పక్కకు జరిపి కాంక్రీటుది కట్టారు. నలభై ఒక్క మీటర్లు స్వాహా! తగలక ఏం చేస్తుందమ్మా నీ చక్రం? ఉండకూడని చోట ఉంది కదా ఆ అంచు."

వంతెన దాటాక రోడ్డు ఒకప్పుడు రొట్టెల దుకాణం చుట్టూ మోచేయిలా వంగేదట. 1952లో తారు వేశాక ఆ మలుపే ఆటగాళ్ళకు అసలు పరీక్ష. మోకాలు నేలకు తగిలేంతగా వాలితేనే తిరిగేవారు. 1974లో ఆ మలుపును చదును చేసి తిన్నగా గీశారు. అరవై ఎనిమిది మీటర్లు. అక్కడ సుమ మూడో గేరుకు బదులు మొదటి గేరు వేసింది. కారు మూలిగింది.

"మూలగదా మరి! ఇంత తిన్నటి రోడ్డు చూస్తే దానికీ విసుగే!"

గుట్ట మీద, నీళ్ళ ట్యాంకు మలుపులో మాత్రం ఆయన గొంతు తగ్గింది. ఆ ఒక్క మలుపూ ఎవరూ ముట్టుకోకుండా 1938లో ఎలా ఉందో అలాగే ఉంది. అక్కడ ఆయన ప్రతిసారీ కారు ఆపించేవారు. కొలతకు అదే గుర్తు అనేవారు. ఎత్తు మీద ఆగిన కారును వెనక్కి జారకుండా కదిలించడం ఎంత కష్టమో నేర్చుకునేవాళ్ళకే తెలుస్తుంది. సుమ మొదటి ఆదివారం అక్కడ ఏడుసార్లు జారింది. ఏడుసార్లూ ఆయన ఆ రోడ్లు చూసే ఊరి కౌన్సిల్‌నే తిట్టారు. ఆ గుట్ట మీద కౌన్సిల్ చేసిన తప్పేమీ లేదు కనుక ఏడోసారికి తిట్లు దొరక్క, చెత్త డబ్బాల రంగు మార్చినందుకు తిట్టారు.

ఆదివారాలు గడిచాయి. సుమ నడపడం, వజీర్ గారు మండిపడడం, నోట్‌బుక్కులో ఏదో రాసుకోవడం. వారానికి మూడు చుట్లు. శాస్త్రం చదివిన మనిషి కనుక ఆమెకు ఒక అనుమానం మాత్రం పోలేదు. ఆయన రాస్తున్నప్పుడు కారు మీటరు వంక చూసేవారు కాదు.

ఆగస్టులో పిడుగులాంటి వార్త వచ్చింది. నీళ్ళ ట్యాంకు మలుపును కోసేసి, తిన్నగా రోడ్డు వేసి, కొత్త కాలనీ కోసం ట్రాఫిక్ లైటు పెట్టాలని కౌన్సిల్ ప్రతిపాదించింది. ఇంకో ముప్ఫై ఎనిమిది మీటర్లు పోతాయి.

వజీర్ గారు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. మూడు వారాలకు జవాబు వచ్చింది. దాన్ని ఆయన ఆఫీసు భోజనాల గదిలో అందరి ముందూ చదివారు.

"'మీరు చారిత్రకమని పేర్కొన్న రోడ్డు, మా రిజిస్టరు ప్రకారం, 2038లో నిర్మితమైనది. కావున అది ప్రస్తుతం చారిత్రక పరిశీలనకు అర్హం కాదు.' విన్నారా? నా రోడ్డు ఇంకా పుట్టలేదంట! పుట్టని రోడ్డు మలుపును వీళ్ళు కోస్తారంట!"

జరిగిందేమిటో ఆ గదిలో ఉన్నవారందరికీ ఒక్క క్షణంలో అర్థమైంది. కౌన్సిల్ వాళ్ళు కూడా తమ కంప్యూటర్లను 2000కు సిద్ధం చేసుకున్నారు. నలభై దగ్గర గీత గీసుకుని, రెండంకెల సంవత్సరం అంతకన్నా తక్కువైతే ముందు 20 చేర్చమన్నారు, కాకపోతే 19. పాపం ముప్ఫై ఎనిమిది నలభైకి రెండేళ్ళు తక్కువ.

అదే ఆఫీసులో చేరిన యోగానంద్ నెమ్మదిగా అడిగాడు. "భాయ్, మనం గీత ఏడ గీసినం? మనది గూడ నలభైయేనా ఏంది?"

వజీర్ గారు కాగితం బల్ల మీద పడేశారు. వాళ్ళది పింఛన్ల శాఖ. గీత నలభై దగ్గర ఉంటే, అరవై ఒక్క ఏళ్ళ పెద్దలందరూ ఇంకా ముప్ఫై తొమ్మిదేళ్ళకు గానీ పుట్టరు. ఆయన అన్నం వదిలేసి మెట్లెక్కి పరుగెత్తారు. పావుగంటకు తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డారు. "గీతే లేదు. పుట్టిన సంవత్సరానికి నాలుగంకెలూ రాశాం. పక్కన కారణం కూడా రాశాం. అదీ పద్ధతంటే!" అని మళ్ళీ ఎర్రబడ్డారు.

ఆ తప్పు ఎలా దొర్లిందో, ఎలా దిద్దాలో ఆయన కౌన్సిల్‌కు రాసి పంపారు. అది చూసి అక్కడి ఇంజనీరు తెల్లబోయాడు. ఊళ్ళో ఇంకో నూటపన్నెండు కట్టడాలు కూడా అదే పద్ధతిలో పుట్టడం మానేశాయట. కృతజ్ఞతగా అతను, సభలో మాట్లాడడానికి వజీర్ గారికి మూడు నిమిషాలు ఇప్పించాడు. అక్టోబరు 19, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలకు. ఓటింగుకు ముందు.

మూడు నిమిషాల ప్రసంగాన్ని ఆయన ఐదు వారాలు తయారుచేశారు. జమీలా గడియారం పట్టుకుని కూర్చునేది. "నాలుగు నిమిషాల పది సెకన్లు. అంత కోపం పట్టదు, కొంచెం తగ్గించండి" అనేది.

అదే సెప్టెంబరులో సుమకు ఒక ఉత్తరం వచ్చింది. నగరం బయట ఉన్న మట్టి పరీక్షల ప్రయోగశాలలో ఉద్యోగం. పొలాలకు వెళ్ళి నమూనాలు తేవాలి కనుక, నవంబరు ఒకటికల్లా లైసెన్సు ఉండాలని షరతు. తొమ్మిది నెలలుగా గాజు సీసాల వాసన కూడా లేకుండా బతికిన సుమ, ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి మడిచి, మళ్ళీ విప్పి చదివింది.

పరీక్షకు తేదీలు మాత్రం నవంబరు ఇరవై మూడు దాకా లేవు. ఎవరైనా మానుకుంటే పిలుస్తామన్నారు. అక్టోబరు 18, సోమవారం సాయంత్రం పిలిచారు. "రేపు మధ్యాహ్నం రెండున్నరకు ఖాళీ ఉంది. వస్తారా?"

సుమ వస్తానని చెప్పి ఫోను పెట్టేసి, ఎవరితో వస్తుందో ఆలోచించింది. నేర్చుకునేవాళ్ళు పూర్తి లైసెన్సు ఉన్నవారితోనే కారులో రావాలి. రాధాకృష్ణ ఆ రోజు కదలలేడు. శాఖ కంప్యూటర్ల గడియారాలన్నీ 1999 డిసెంబరు 31కి తిప్పి, ఏమవుతుందో చూసే పరీక్ష ఆ రోజే. గది వదిలితే ఉద్యోగం వదిలినట్టే. యోగానంద్‌ది ఇంకా తాత్కాలిక లైసెన్సు, చెల్లదు. జమీలా చెల్లెలి ఇంటికి సిడ్నీ వెళ్ళింది. మిగిలింది ఒక్కరు.

"వజీర్ భాయ్‌ని అడగనా?" అన్నాడు రాధాకృష్ణ.

"వద్దు. ఆయనకు మూడు నిమిషాలు దొరకడానికి నాలుగేళ్ళు పట్టింది. పొద్దున ఫోను చేసి మానేస్తానని చెప్తాను."

"మరి ఉద్యోగం?"

సుమ ఎల్ బోర్డులు తీసి చింతపండు డబ్బా వెనక పెట్టింది.

మరునాడు ఆమె పొద్దుటినుంచీ మూడుసార్లు ఫోను దగ్గరికి వెళ్ళింది, మూడుసార్లూ చెయ్యలేక వెనక్కి వచ్చింది. ఒంటిగంటన్నరకు వాకిట్లో తెల్ల కొరోలా ఆగింది. వజీర్ గారు దిగారు. ఇస్త్రీ చొక్కా, నల్ల కోటు, మెడకు టై. ఆఫీసుకు కూడా టై కట్టని మనిషి.

"పదమ్మా, ఆలస్యమవుతోంది."

"మీటింగు?"

"వాయిదా పడింది. కౌన్సిల్ వాళ్ళకు టైము విలువ తెలిస్తే కదా! బోర్డులేవి?"

"వాయిదా పడితే టై ఎందుకు కట్టుకున్నారండీ?"

"టై కట్టుకున్నాక ఫోను చేశారు. విప్పితే మళ్ళీ ముడి వేయడం రాదు. జమీలా ఊళ్ళో లేదు. చింతపండు వెనక చూశావా?"

పరీక్ష అధికారిణి నలభై ఏళ్ళ మనిషి, నవ్వని మనిషి. "ఎడమకు", "కుడికి", "ఇక్కడ ఆపండి" తప్ప మాట లేదు. పదో నిమిషంలో, ఏటవాలు రోడ్డు మీద, సరిగ్గా ఎత్తులో ఎర్ర లైటు పడింది. వెనక ఒక లారీ వచ్చి ఆనుకుని నిలబడింది. సుమ ఎడమ కాలు బిగుసుకోసాగింది.

అంతలో ఆమె చెవిలో ఎవరో మండిపడ్డారు. ఈ లైటు ఎవడు పెట్టమన్నాడు? 1938లో ఇక్కడ ఇది ఉందా?

ఆమెకు నవ్వొచ్చింది. కాలు వదులైంది. పచ్చ లైటు పడింది. కారు అంగుళం కూడా వెనక్కి జారకుండా కదిలింది.

కాగితం మీద ముద్ర పడ్డాక బయటికి వస్తే, వజీర్ గారు పార్కింగులో కాపలావాడితో వాదిస్తున్నారు. గీతలు వంకరగా గీశారట. సుమ చేతిలో కాగితం చూసి మాట ఆపేశారు. రెండు చేతులూ పైకెత్తి, "యా అల్లా, ఒక్క రోడ్డైనా దారికొచ్చింది!" అన్నారు.

శనివారం సుమ జీవితంలో మొదటిసారి ఒంటరిగా కారు తీసింది. ఎక్కడికి వెళ్ళాలో తోచలేదు. ఆమెకు గుండెలు దడదడలాడకుండా తెలిసిన రోడ్డు ఒక్కటే. కల్లరీన్ చేరి రొట్టెల దుకాణంలోకి వెళ్ళింది. బల్ల మీద ఆ ఊరి వారపత్రిక ఉంది. మొదటి పేజీలోనే చదివింది.

ట్యాంకు మలుపు ప్రతిపాదన మంగళవారం సభలో ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అభ్యంతరం చెప్పవలసిన వక్త హాజరు కాలేదు.

సుమకు కోపం తక్కువ. ఆ రోజు వచ్చిన కోపంతో యాభై కిలోమీటర్లు తిరిగి నడిపింది. వజీర్ గారి వాకిట్లో హ్యాండ్‌బ్రేకు వేసి, పత్రిక పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆయన పెరట్లో ఉన్నారు. బార్బెక్యూ మీద మాంసం పొగలు కక్కుతోంది, పొగలోంచి ఆయన గొంతు యోగానంద్‌కు ముప్ఫై ఎనిమిది మీటర్ల సంగతి చెబుతోంది. వంటింట్లో జమీలా ఒక్కతే ఉంది.

"అక్కా, ఇది చూశారా? వాయిదా పడలేదు! నాకు అబద్ధం చెప్పారు! నాలుగేళ్ళ పోరాటం, మూడు నిమిషాలు, అన్నీ నా కోసం పారేశారు. ఎవరు అడిగారు ఆయన్ని? నేను అడిగానా?"

"నువ్వు అడగవని రాధాకృష్ణ చెప్పాడనే కదా వచ్చింది. కూర్చో. టీ పెడతా."

"ఇరవై ఆదివారాలు కొలిచాం అక్కా! ఆ కొలతలు ఎవరికి పనికొస్తాయిప్పుడు?"

జమీలా టీ గిన్నె దించి, ఫ్రిజ్ మీదనుంచి ఒక నోట్‌బుక్కు తీసి ఆమె ముందు పెట్టింది. "కొలతలా? చూడు నువ్వే."

సుమ తెరిచింది. మొదటి పేజీ చూసి, తరవాతి పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది. ఒక్క మీటరు లెక్క లేదు.

*6-6-99. సుమ. చుట్టు 1: అద్దం చూడట్లేదు. భయం కాలులో ఉంది, చేతుల్లో లేదు. గుట్ట: 7 సార్లు జారింది.*

*1-8-99. సుమ. చుట్టు 2: వంతెన దగ్గర అంచు తగల్లేదు. గుట్ట: 2.*

*17-10-99. సుమ. గుట్ట: 0. పక్కన మనిషి అక్కర్లేదు.*

చివరి వరుస: *19-10-99. సుమ. పాస్.*

ముందు పేజీల్లో ఇంకా పేర్లున్నాయి. మొదటి పేరు జమీలా, 1996. మొత్తం పన్నెండు మంది. ఆరో పేరు దగ్గర సుమ వేలు ఆగింది. *14-6-98. రాధాకృష్ణ. పోస్టాఫీసు దగ్గర 9 సార్లు ఆగిపోయింది. బ్రేకు అనుకుని వైపర్లు వేశాడు.*

"ఈయన సొంతంగా నేర్చుకున్నానన్నాడే!"

"అందరూ అదే అంటారు. పిచ్చాయన రోడ్డు కొలుస్తున్నాడు, మనం సాయం చేస్తున్నాం అనుకుంటారు. నేర్పుతాను రమ్మంటే ఒక్కరూ రారమ్మా, సిగ్గు." జమీలా గ్లాసులో టీ పోసింది. "నేను వచ్చిన కొత్తలో డ్రైవింగ్ స్కూలువాడు పక్కన కూర్చుని అరిచేవాడు. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చా. అప్పుడు ఈయన ఆలోచించాడు. నేర్పేవాడికి కోపం రాకుండా ఉండదు. వచ్చిన కోపాన్నంతా రోడ్డు మీద తీర్చుకుంటే, బండి నడిపే మనిషి మీద తీర్చుకోనక్కర్లేదు కదా అన్నాడు."

సుమ ఆ ఇరవై ఆదివారాలనూ వెనక్కి తిప్పి చూసుకుంది. గులాబీలను తిట్టారు. సిమెంటును తిట్టారు. చెత్త డబ్బాలను తిట్టారు. తనను ఒక్కమాట అనలేదు.

"అయితే నూట నలభై ఆరు కూడా ఉత్తదేనా?"

"అది నిజమే. గ్రంథాలయంలో సర్వే పటాలున్నాయి, వాటిలోంచి తీశాడు. ఆ రోడ్డంటే నిజంగానే ప్రాణం. మంగళవారం సాయంత్రం సిడ్నీకి ఫోను చేసి, టై ఎట్లా విప్పాలని అడిగాడు. గొంతు బాగాలేదు."

పెరటి తలుపు తెరుచుకుంది. వజీర్ గారు పట్టకారుతో సహా లోపలికి వచ్చారు. బల్ల మీద పత్రిక, నోట్‌బుక్కు, సుమ ముఖం, ఈ వరుసలోనే చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. మొదటిసారి ఆ ఎరుపు కోపంది కాదు.

"వజీర్ భాయ్," అంది సుమ, "కారు మీటరు వంద మీటర్ల కన్నా చిన్నది చూపించదని నేను మొదటిరోజే చెప్పాను."

"చెప్పావమ్మా."

"మలుపు పోయింది కదండీ నా వల్ల."

"నీ వల్లనా? వాళ్ళ వల్ల! నేను వెళ్ళినా ఓటు అట్టాగే పడేది. మూడు నిమిషాల్లో ఎవడు మారాడు చెప్పు." ఆయన పట్టకారు గాల్లోకి లేపారు. అలవాటైన వెలుగు ముఖంలోకి వచ్చేసింది. "అయినా ఇప్పుడు లెక్క ఎంతయిందో తెలుసా? నూట ఎనభై నాలుగు! నూట ఎనభై నాలుగు మీటర్లండీ! ఎవడు తిన్నాడు?"

2000 వచ్చింది. విమానాలు రాలిపోలేదు, పింఛన్లు ఆగలేదు. ఫిబ్రవరి చివర్లో యోగానంద్ భార్య శ్రీదేవి కరీంనగర్ నుంచి దిగింది. వచ్చిన పదో రోజున, వజీర్ గారి రోడ్డు కొలతకు సాయం చెయ్యాలని ఆమెకు తెలిసింది. నిబంధన ప్రకారం ముందు సీటులో పూర్తి లైసెన్సు ఉన్న వజీర్ గారు. వెనక సీటులో ఒడిలో నోట్‌బుక్కుతో సుమ.

నీళ్ళ ట్యాంకు మలుపు లేదు. దాని స్థానంలో తిన్నటి రోడ్డు, ఎత్తు మీద కొత్త ట్రాఫిక్ లైటు. ఎర్ర లైటు పచ్చగా మారింది. శ్రీదేవి క్లచ్ వదిలింది. కారు గంతు వేసి, జారి, ఆగిపోయింది.

"అయ్యో, నాకు రాదు అక్కా, నేను అప్పుడే చెప్పిన గదా!" అని శ్రీదేవి స్టీరింగు మీద తల పెట్టుకుంది.

వజీర్ గారు ఊపిరి పీల్చుకుని చూపుడు వేలు లేపారు. అంతలో వెనక సీటులోంచి ఒక గొంతు, గుట్ట మీది గొర్రెలు తలెత్తి చూసేంత గట్టిగా లేచింది.

"ఈ లైటు ఎవడు పెట్టమన్నాడసలు! 1938లో ఇక్కడ ఇది ఉందా? లేదు! ఇట్టాంటి చోట కారు ఆగిపోక ఏం చేస్తుంది? ఊఁ, స్టార్ట్ చెయ్యి తల్లీ."

వజీర్ గారు లేపిన వేలితో కళ్ళద్దాలు పైకి తోసుకుని, అద్దంలోంచి వెనక్కి చూశారు. సుమ తల వంచుకుని, కారు మీటరు వంక చూడకుండా, శ్రద్ధగా రాసుకుంటోంది.